రిజిస్టర్‌లో మిగిలిపోయిన వరస: ఒక సర్వైకల్ క్యాన్సర్ కేసు

ఈ కేసు రాస్తానని ఆమెను అడిగితే, "రాయండి డాక్టరు గారూ, పేరు మాత్రం వద్దు" అంది. పేరు రాయడం లేదు. ఎవరో గుర్తుపట్టే వివరాలు కూడా కొన్ని మార్చాను.

మా వృత్తిలో కేసు రాయడమంటే సాధారణంగా అరుదైన కణితి గురించో, కొత్త మందుకి అద్భుతంగా స్పందించిన పేషెంట్ గురించో రాస్తాం. ఇందులో అలాంటిదేమీ లేదు. సర్వైకల్ క్యాన్సర్ అంటే గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్. ఐదేళ్ల ముందే దొరికిన జబ్బును మళ్లీ చేజార్చుకున్న కేసు ఇది. చేజార్చిన వాళ్లలో నేనూ ఉన్నాను.

వచ్చినప్పుడు

వయసు 43. మూడు కాన్పులు, మూడూ మామూలువే. బీపీ, షుగర్ లేవు. ఎనిమిది నెలల కింద భర్తతో కలిసిన తర్వాత కొంచెం రక్తం కనిపించింది. మొదట పట్టించుకోలేదు. తర్వాత నెలసరికీ నెలసరికీ మధ్య కూడా మరకలు కనిపించడం మొదలైంది. నాలుగు నెలలుగా నీళ్లలా తెల్లబట్ట అవుతోంది, వాసన వస్తోంది, ఈ మధ్య నడుము నొప్పి కూడా తోడైంది.

ఇంటికి దగ్గర్లోని ఒక క్లినిక్‌కి మూడుసార్లు వెళ్లింది. మొదటిసారి ఇన్‌ఫెక్షన్ అని మాత్రలిచ్చారు. రెండోసారి ఇంకో రకం మాత్రలు. మూడోసారి "ముట్లు ఆగిపోయే వయసు వస్తోంది, ఇవన్నీ మామూలే" అని హార్మోన్ బిళ్లలు రాసిచ్చారు.

"లోపల పరీక్ష చేసి చూశారామ్మా?" అని అడిగాను.

"లేదండీ. స్కానింగ్ తీశారు. గర్భసంచి బాగానే ఉందన్నారు."

ఈ మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. పొట్ట మీద నుంచి తీసే స్కానింగ్‌లో గర్భసంచి గోడలు, ఫైబ్రాయిడ్లు, అండాశయాల తిత్తులు బాగా కనిపిస్తాయి. గర్భసంచి ముఖద్వారం మీద పెరిగే కణితి చాలాసార్లు కనిపించదు. పేషెంట్ చేతిలో "నార్మల్" అని రాసిన కాగితం మాత్రం ఉంటుంది. ఆ కాగితం ఉన్నంతకాలం ఆమె ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లదు. కలయిక తర్వాత రక్తం కనిపిస్తోందని ఒక స్త్రీ చెబితే, మందు చీటీ రాసే ముందు స్పెక్యులం, అంటే యోని తెరిచి చూసే పరికరం, పెట్టి చూడాలి. దానికి పట్టేది రెండు నిమిషాలు, కావలసింది ఒక లైటు.

బల్ల మీద పడుకున్నాక ఆమె ముందుగా అన్న మాట: "వాసన వస్తోంది డాక్టరు గారూ, ఏమీ అనుకోకండి." నాలుగు నెలలుగా ఆమె అందరికీ దూరంగా కూర్చుంటోందని అప్పుడు అర్థమైంది.

స్పెక్యులం తెరవగానే కనిపించింది. ముఖద్వారం ఉండాల్సిన చోట గరుకుగా, గడ్డకట్టిన నెత్తురు రంగులో ఒక పెరుగుదల. దూది తగిలితే చాలు, రక్తం కారుతోంది. యోని పైభాగంలో కుడివైపు కొద్దిగా పాకింది. మలద్వారం నుంచి వేలితో చూస్తే ఎడమవైపు మెత్తగానే ఉంది. కుడివైపు ముఖద్వారం పక్కన ఉండే మెత్తటి కణజాలం, మేం పారామెట్రియం అంటాం, గట్టిపడి ఉంది. అయితే కటి గోడ దాకా చేరలేదు, మధ్యలో వేలు దూరింది. స్కాన్లు ఎన్ని వచ్చినా నేను ఈ పరీక్ష మానలేదు. జబ్బు ఎంత దూరం పోయిందో వేలు చాలావరకు చెప్పేస్తుంది.

బయాప్సీ తీశాను. రక్తం ఆగడానికి గాజుగుడ్డ కుక్కి గంటన్నర పడుకోబెట్టాం. హిమోగ్లోబిన్ 7.4, బాగా తక్కువ. వాసన తగ్గడానికి మెట్రోనిడజోల్ మొదలుపెట్టాం. పెద్ద వైద్యమేమీ కాదు, కానీ నాలుగు రోజుల్లో వాసన తగ్గాక ఆమె తలెత్తి మాట్లాడటం మొదలుపెట్టింది.

పాత రిజిస్టర్

నేను ల్యాబ్ ఫారం నింపుతుంటే ఆమె అంది: "ఐదేళ్ల కింద మీవాళ్లే శిబిరం పెట్టి ఒక పరీక్ష చేశారు కదండీ. తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. బాగానే ఉందేమో అనుకున్నాను."

పెన్ను ఆగిపోయింది. ఆ శిబిరం మాదే.

సాయంత్రం పాత రిజిస్టర్లు తీయించాను. మూడో పుస్తకంలో దొరికింది. పేరు, వయసు 38, ఈ క్యాన్సర్ కలిగించే వైరస్ కోసం చేసే హెచ్‌పీవీ పరీక్ష తేదీ. ఫలితం గడిలో ఎర్ర ఇంకుతో "పాజిటివ్, 16". పక్క గడిలో "కాల్పోస్కోపీకి రమ్మనాలి". అంటే, ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూసే పరీక్షకు. దాని పక్కన రెండు తేదీలు, రెండింటి కిందా "ఎత్తలేదు" అని ఉంది. ఆ తర్వాత గడి ఖాళీ. ఇచ్చిన ఫోన్ నంబరు భర్తది. పని మారాక ఆయన సిమ్ మార్చేశాడు. ఉత్తరం వేసినట్టు లేదు, మనిషిని పంపినట్టు లేదు. ఆ నెల నివేదికలో మాత్రం పరీక్ష చేసిన వారి సంఖ్య లక్ష్యాన్ని దాటిందని రాసి ఉంది. కింద సంతకం నాది.

"పాజిటివ్, 16" అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. సర్వైకల్ క్యాన్సర్‌కి హెర్పిస్ వైరస్ కారణమేమోనని ఒకప్పుడు అనుమానించేవారు. జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ ఆ దారిన పోకుండా పులిపిర్లు కలిగించే పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) జాతి వెంట పడ్డాడు. 1983లో ఆయన బృందం క్యాన్సర్ కణజాలంలో హెచ్‌పీవీ 16ని, మరుసటి ఏడాది 18ని పట్టుకుంది. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. ప్రపంచంలోని సర్వైకల్ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఈ రెండు రకాలే మూలం. శృంగార జీవితం మొదలైన వాళ్లలో చాలామందికి ఏదో ఒక సమయంలో హెచ్‌పీవీ సోకుతుంది, ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. కాబట్టి పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు, అది నడవడికకు సంబంధించిన తీర్పూ కాదు. కానీ 38 ఏళ్ల వయసులో 16 రకం పాజిటివ్ అంటే, అది చాలా ఏళ్లుగా తిష్ఠ వేసి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి వారిని తిరిగి పరీక్షకు పిలుస్తూ కాలం గడపకూడదు, నేరుగా కాల్పోస్కోపీకి పంపాలి.

ఆ రోజు కాల్పోస్కోపీ జరిగి ఉంటే ఏం కనిపించేదో నేను ఖచ్చితంగా చెప్పలేను. చాలావరకు సిన్ 3 కనిపించేదని నా అంచనా. అంటే పై పొరలోనే ఉన్న, ఇంకా లోపలికి దిగని క్యాన్సర్ ముందు దశ. దాన్ని వదిలేస్తే ఏమవుతుందో ప్రపంచానికి ఒక చేదు అనుభవం వల్ల తెలుసు. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో 1950లు, 60లు, 70లలో సిన్ 3 ఉన్న కొందరు స్త్రీలకు సరైన చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ ఉండిపోయారు. తర్వాత అది పెద్ద విచారణకు దారితీసింది. ఆ రికార్డులను తిరిగి పరిశీలించిన విశ్లేషణ 2008లో వచ్చింది. చికిత్స అరకొరగా అందినవాళ్లలో 30 ఏళ్లలో సుమారు 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరిగా చికిత్స అందినవాళ్లలో అది 0.7 శాతం.

ఆ రెండు అంకెల మధ్య ఉన్న చికిత్స ఇప్పుడు ఏమిటంటే, మత్తు సూది ఇచ్చి తీగ లూప్‌తో పావుగంటలో ముఖద్వారం మీద నుంచి చిన్న ముక్క తీయడం. లేదా వేడి కడ్డీతో ఆ చోటును కాల్చేయడం. ఆమెకు అది జరగలేదు.

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో జరిగిన పెద్ద ట్రయల్‌ను మేం శిక్షణ తరగతుల్లో ఎప్పుడూ చెబుతుంటాం. 52 గ్రామ సమూహాలు, 30 నుంచి 59 ఏళ్ల మధ్య 1,31,746 మంది స్త్రీలు. 2009లో ఫలితాలు వచ్చాయి. ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గ్రూపులో, ఏ స్క్రీనింగూ లేని గ్రూపుతో పోలిస్తే, సర్వైకల్ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఇది చెప్పి మేం హెచ్‌పీవీ పరీక్షను ఆకాశానికెత్తేస్తాం. అసలు సంగతి చెప్పడం మరిచిపోతాం. ఆ ట్రయల్‌లో పాజిటివ్ వచ్చిన ఆడవాళ్లను వెతికి పట్టుకుని కాల్పోస్కోపీ చేశారు, అవసరమైన వాళ్లకు చికిత్స చేశారు. మరణాలను ఆపింది ఆ పని. మా శిబిరంలో జరిగింది పరీక్ష మాత్రమే. దాన్నే స్క్రీనింగ్ అనుకున్నాం.

స్టేజ్, నిర్ణయం

బయాప్సీలో స్క్వేమస్ సెల్ కార్సినోమా, అంటే పై పొర కణాల్లో పుట్టే క్యాన్సర్. ఎంఆర్‌ఐలో కణితి 5.2 సెంటీమీటర్లు, కుడి పారామెట్రియంలోకి పాకింది. మూత్రనాళాలు ఉబ్బలేదు. కటి భాగంలో కుడివైపు ఒక లింఫు గ్రంథి 1.4 సెంటీమీటర్లు ఉంది. పెట్ స్కాన్‌లో అదీ వెలిగింది, అంతకుమించి ఎక్కడా లేదు. స్త్రీల క్యాన్సర్లకు స్టేజ్‌లు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఫిగో 2018 వర్గీకరణ ప్రకారం లింఫు గ్రంథిలో జబ్బు ఉంటే స్టేజ్ మారిపోతుంది. కాబట్టి 2బి కాస్తా 3సి1 అయింది. క్రియాటినిన్ 0.8, కిడ్నీలు బాగున్నాయి. హెచ్‌ఐవీ నెగటివ్. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ కనుక ఆ పరీక్ష ఎవరికీ తప్పించం.

ఇంట్లో వాళ్లందరిదీ ఒకే మాట. "గర్భసంచి తీసేయండి డాక్టరు గారూ, పీడ పోతుంది." చేతిలో కత్తి ఉన్న నేనే ఆపరేషన్ వద్దంటే వాళ్లకు అనుమానం రావడం సహజం. ఆమె అన్నయ్య అయితే "కేసు చేయి దాటిపోయిందా?" అని నేరుగానే అడిగాడు.

చేయి దాటలేదు, కానీ ఈ స్టేజ్‌లో ఆపరేషన్ తప్పు దారి. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో 635 మంది మీద చేసిన ట్రయల్ 2018లో వచ్చింది. స్టేజ్ 1బి2 నుంచి 2బి దాకా ఉన్నవాళ్లలో సగం మందికి ముందు కీమో ఇచ్చి ఆపరేషన్ చేశారు, మిగతా సగానికి రేడియేషన్, కీమో కలిపి ఇచ్చారు. ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు ఆపరేషన్ వైపు 69.3 శాతం, రేడియేషన్ వైపు 76.7 శాతం. బతికి ఉన్నవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పారామెట్రియంలో జబ్బు ఉండగా ఆపరేషన్ చేస్తే ఎలాగూ తర్వాత రేడియేషన్ తప్పదు. రెండు చికిత్సల బాధా ఒకే ఒంటి మీద పడుతుంది.

సర్జన్లం మేం నమ్మినవన్నీ నిజమని కూడా అనుకోకూడదు. ఇక్కడ చిన్న పక్కదారి పడతాను. తొలి దశ సర్వైకల్ క్యాన్సర్‌కి కీహోల్ ఆపరేషన్ మేలని మేం ఏళ్ల తరబడి నమ్మాం. కోత చిన్నది, ఇంటికి త్వరగా పంపొచ్చు. 2018లో ల్యాక్ ట్రయల్ ఫలితం వచ్చింది. నాలుగున్నరేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు పొట్ట తెరిచి చేసిన వైపు 96.5 శాతం, కీహోల్ వైపు 86 శాతం. ఆ పేపర్ చదివిన రాత్రి నేను అంతకుముందు చేసిన కేసులు ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. ఆ తర్వాత రెండు సెంటీమీటర్ల లోపు కణితి ఉండి ముప్పు తక్కువగా ఉన్నవారికి పెద్ద ఆపరేషన్ బదులు మామూలుగా గర్భసంచి తీసినా సరిపోతుందని 2024లో షేప్ ట్రయల్ చూపించింది. తొలి దశలో దొరికితే ఆపరేషన్ ఇంకా చిన్నదవుతోంది. ఈమెకి ఆ దశ దాటిపోయింది.

1999 నుంచి రేడియేషన్‌తో పాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వడమే ప్రామాణిక చికిత్స. పాతికేళ్లు దాని మీద గట్టి మెరుగుదల రాలేదు. ఈ మధ్యే రెండు వచ్చాయి. ఒకటి ఇంటర్‌లేస్. రేడియేషన్‌కు ముందు ఆరు వారాలు, వారానికోసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఇస్తారు. 500 మందిలో చేశారు. ఐదేళ్లకు బతికి ఉన్నవారు 72 శాతం నుంచి 80 శాతానికి పెరిగారు. రెండోది కీనోట్ ఎ18, రేడియేషన్, కీమోలకి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ జోడించారు. 36 నెలలకు 74.8 శాతం బదులు 82.6 శాతం మంది బతికి ఉన్నారు.

వేర్వేరు విభాగాల డాక్టర్లం కలిసి చికిత్స నిర్ణయించే మా ట్యూమర్ బోర్డులో దీని మీద గట్టి వాదనే జరిగింది. రెండూ కలిపి ఇద్దామని ఒకరన్నారు. రెండు ట్రయల్సూ విడివిడిగా జరిగాయి, కలిపి ఇస్తే ఏమవుతుందో ఆ రెండూ చెప్పవు. రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జ మీద భారం పడి అసలు రేడియేషన్ ఆలస్యమైతే లాభం కన్నా నష్టమే ఎక్కువ. ఇంటర్‌లేస్‌లో కూడా తీవ్రమైన దుష్ప్రభావాలు కీమో ముందు ఇచ్చిన వైపు 59 శాతం, మరోవైపు 48 శాతం. ఈమె హిమోగ్లోబిన్ చూసి నేను మొదట వద్దన్నాను. రేడియేషన్ ఆంకాలజిస్టు ఒక మాట అన్నారు: "రక్తం ఎక్కిస్తే హిమోగ్లోబిన్ పెరుగుతుంది. ఆ లింఫు గ్రంథి సంగతేమిటి?" ఆయన చెప్పింది సబబే అనిపించింది. ఇంటర్‌లేస్ మందులు పాతవి, మా నర్సులకు బాగా తెలిసినవి. ఆ దారే పట్టాం. ఏడో వారం మొదటి రోజున రేడియేషన్ తేదీ ముందే ఖాయం చేసి, దాన్ని జరపకూడదని షరతు పెట్టుకున్నాం.

చికిత్స

రెండు యూనిట్ల రక్తం ఎక్కించి మొదలుపెట్టాం. ఆరు వారాల్లో ఐదు డోసులు పడ్డాయి. నాలుగో వారం తెల్లకణాలు పడిపోవడంతో ఒకటి వదిలేశాం. మూడో డోసుకే రక్తస్రావం ఆగింది. ఏడో వారం అనుకున్న రోజునే రేడియేషన్ మొదలైంది. మొత్తం 25 రోజులు, 45 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత), ఆ లింఫు గ్రంథికి అదనపు డోసు, వారానికోసారి సిస్‌ప్లాటిన్. విరేచనాలు, వికారం, మూత్రంలో మంట, అన్నీ వచ్చాయి, అన్నింటికీ మందులున్నాయి.

అసలు కష్టం బ్రాకీథెరపీలో ఉంటుంది. బయట నుంచి "కరెంటు పెట్టడం" గురించి అందరికీ తెలుసు. లోపల నుంచి కూడా పెడతామని చెప్పినప్పుడు ఆమె ముఖం మారిపోయింది. నడుముకు మత్తు ఇచ్చి, ముఖద్వారం గుండా గర్భసంచిలోకి సన్నటి గొట్టం, దాని చుట్టూ ఒక రింగు పెడతాం. తర్వాత ఎంఆర్‌ఐ తీస్తాం, ప్లాన్ వేయడానికి రెండు మూడు గంటలు పడుతుంది. అంతసేపూ ఆమె వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. చివర్లో మిల్లీమీటర్లలో కొలిచే ఇరిడియం ముక్క తీగ చివరన లోపలికి వెళ్లి, అక్కడక్కడా కొన్ని సెకన్లు ఆగి వెనక్కి వచ్చేస్తుంది. గదిలో ఆమె ఒక్కతే ఉంటుంది. మైకులో మా ఫిజిసిస్టు గొంతు వినిపిస్తుంటుంది. మొదటిసారి అయిపోయాక "మిషన్ చప్పుడు కంటే మీరందరూ తలుపేసుకుని వెళ్లిపోవడమే భయమేసింది" అంది. తర్వాత మూడుసార్లూ ఫిజిసిస్టు ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఎంఆర్‌ఐ చూసి డోసు మలచడం వల్ల మూత్రాశయం, పురీషనాళం కాపాడుతూనే కణితికి 85 గ్రే దాటించగలిగాం. ఇలా చేసిన ఎంబ్రేస్ అధ్యయనంలో ఐదేళ్లకు స్థానికంగా జబ్బు అదుపులో ఉన్నవారు 92 శాతం. బ్రాకీథెరపీ కష్టమని దాన్ని వదిలేసి బయటి రేడియేషన్‌తోనే పూర్తిచేసే చోట్ల ఈ ఫలితం రాదు. రేడియేషన్ మొదలుపెట్టిన రోజు నుంచి మొత్తం 52 రోజుల్లో అయిపోయింది. ఎనిమిది వారాలు దాటకూడదన్నది మా గీత.

మూడు నెలలకు పెట్ స్కాన్‌లో ఏమీ మిగల్లేదు. ఇప్పటికి ఏడాదిన్నర. జబ్బు ఆనవాలు లేదు. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే కాబట్టి ఇంకా ఊపిరి పీల్చుకునే సమయం రాలేదు.

స్కాన్ బాగుందని ఫైలు మూసేయడం మాలో చాలామందికి అలవాటు. ఆమెకు అండాశయాలు ఆగిపోయాయి, 44 ఏళ్లకే మెనోపాజ్. రాత్రుళ్లు ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు. స్క్వేమస్ రకానికి హార్మోన్ మందులు వాడకూడదన్న నియమం లేదు. గర్భసంచి అక్కడే ఉంది కాబట్టి ఈస్ట్రోజెన్ ఒక్కటే కాకుండా ప్రొజెస్టరోన్ కూడా కలిపి ఇచ్చాం. రేడియేషన్ తర్వాత యోని మార్గం అతుక్కుపోయి కుదించుకుపోయే అవకాశం ఉంది. ఆ మార్గాన్ని తెరిచి ఉంచే డైలేటర్ వాడకం గురించి చెప్పడానికి నేనే కొంత తటపటాయించాను. మా నర్సు తలుపేసి ఇరవై నిమిషాలు కూర్చుని, చేతిలో పెట్టి చూపించి చెప్పింది. ఆ పని ఆమె నాకంటే బాగా చేస్తుందని అప్పటినుంచి ఆ బాధ్యత ఆమెకే అప్పగించాం.

కూతుళ్లు, చెల్లెలు

చికిత్స మధ్యలో ఆమె ఎక్కువగా అడిగింది తన గురించి కాదు. ఇద్దరు కూతుళ్లు, ఒకరికి 12, ఒకరికి 17. "నాకొచ్చింది వాళ్లకూ వస్తుందా?"

రక్తసంబంధంతో వచ్చే జబ్బు కాదు, వైరస్‌తో వచ్చేది. దానికి టీకా ఉంది. 1991లో ఆస్ట్రేలియాలో ఇయన్ ఫ్రేజర్, జియాన్ ఝౌ వైరస్ పై తొడుగులోని ప్రోటీన్‌ను ల్యాబ్‌లో తయారుచేస్తే, అది తనంతట తాను బంతిలా చుట్టుకుంటుందని చూపించారు. లోపల వైరస్ జన్యుపదార్థం లేని ఉత్త డొల్ల. శరీరం దాన్ని చూసి అసలు వైరస్ అనుకుని ఆయుధాలు సిద్ధం చేసుకుంటుంది. 2006 నుంచి టీకా వాడుకలో ఉంది. తొమ్మిది నుంచి 14 ఏళ్ల లోపు వాళ్లకు ఒకటి లేదా రెండు డోసులు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

ఇద్దరికీ వేయించమన్నాను, కానీ ఇద్దరికీ ఒకేలా పనిచేస్తుందని చెప్పలేదు. స్వీడన్‌లో 16 లక్షల మందికి పైగా అమ్మాయిలు, స్త్రీల రికార్డులు చూసిన అధ్యయనంలో, 17 ఏళ్లు నిండకముందు టీకా వేయించుకున్నవారిలో సర్వైకల్ క్యాన్సర్ 88 శాతం తక్కువ. 17 దాటాక వేయించుకున్నవారిలో 53 శాతం తక్కువ. వైరస్ లోపలికి రాకముందు వేస్తే దాని బలం వేరు. "మరి నాకూ వేయొచ్చు కదా?" అంది. ఉన్న వైరస్‌ని, ఉన్న జబ్బుని టీకా పోగొట్టదని చెప్పాల్సి వచ్చింది.

ఆమె పిన్నికి అండాశయ క్యాన్సర్ వచ్చింది. "దానికి కూడా ఇలా ముందే కనిపెట్టే పరీక్ష ఉందా?" అంది. లేదు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలతో ట్రయల్ చేసి, వారిలో దాదాపు సగం మందిని ఏళ్ల తరబడి, అండాశయ క్యాన్సర్‌లో పెరిగే సీఏ 125కి రక్తపరీక్షతోనో, స్కానింగ్‌తోనో గమనించారు. 2021లో తుది లెక్క తేలింది, మరణాలు తగ్గలేదు. ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి హెల్త్ ప్యాకేజీలో సీఏ 125 చేయించడం టెన్షన్ కొనుక్కోవడమే. ఆ పిన్ని విషయంలో పనికొచ్చేది బీఆర్‌సీఏ జన్యుపరీక్ష, అంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే లోపం కోసం చేసేది. అది పిన్నికే ముందు చేయాలి. ఆమెలో లోపం ఉంటే ఆమె పిల్లలకు, అక్కచెల్లెళ్లకు చూడాలి. అలా తేలినవాళ్లకు సమయానికి అండాశయాలు, అండనాళాలు తీయించుకునే దారి ఉంది. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కి అయితే అందరికీ స్క్రీనింగ్ అక్కర్లేదు, ముట్లు ఆగిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా పరిగెత్తుకు రావాలి. రొమ్ము క్యాన్సర్‌కి మామోగ్రామ్ ఉంది. ఇన్ని స్త్రీల క్యాన్సర్లలో జబ్బు పుట్టకముందే ఆపగల టీకా, ముందు దశలోనే పట్టే పరీక్ష, పావుగంటలో అయిపోయే చికిత్స, మూడూ కలిసి ఉన్నది సర్వైకల్ క్యాన్సర్‌కే. అయినా 2022లో ప్రపంచంలో దాదాపు 3,50,000 మంది దానితో చనిపోయారు.

ఆమె చెల్లెలికి 39. లోపల పరీక్ష అంటే సిగ్గు, రానంది. స్వయంగా నమూనా తీసుకునే బ్రష్ అక్క చేతికిచ్చి పంపాం. హెచ్‌పీవీ పరీక్షకు ఆ నమూనా సరిపోతుంది. పాజిటివ్ వచ్చింది. 16, 18 కాదు, మిగతా ప్రమాదకర రకాల్లో ఒకటి. కాల్పోస్కోపీలో ఎసిటిక్ యాసిడ్ వేయగానే ముఖద్వారం పైపెదవి మీద తెల్లటి మచ్చ, అంచులు స్పష్టంగా తేలింది. బయాప్సీలో సిన్ 3. తర్వాతి వారం లూప్‌తో తీసేశాం. అంచుల్లో జబ్బు లేదు. బల్ల దిగి "అయిపోయిందా?" అంది. గోడ గడియారం చూశాను, పన్నెండు నిమిషాలు. బయట కుర్చీలో ఆమె అక్క కూర్చుని ఉంది.

రిజిస్టర్ ఇప్పుడు

ఆ సాయంత్రం తర్వాత పాత పుస్తకాలన్నీ మొదటి పేజీ నుంచి చూశాం. ఆమెలా మిగిలిపోయిన వరసలు ఒకటీ రెండూ కావు. కొందరిని ఇళ్లకు వెళ్లి పట్టుకున్నాం, కొందరు ఊరు మారిపోయారు. 2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 90, 70, 90 అని మూడు లక్ష్యాలు పెట్టింది. 90 శాతం అమ్మాయిలకు 15 ఏళ్లలోపు టీకా, 70 శాతం స్త్రీలకు 35 లోపు ఒకసారి, 45 లోపు ఇంకోసారి పరీక్ష, జబ్బు తేలిన వారిలో 90 శాతానికి చికిత్స. మేం మధ్య అంకె చూసుకుని మురిసిపోయాం. చివరి 90కి మా నివేదికలో గడే లేదు. ఇప్పుడు నెలవారీ నివేదికలో మొదటి వరస అదే: పాజిటివ్ వచ్చినవారు ఎందరు, వారిలో చికిత్స పూర్తయినవారు ఎందరు. పరీక్షల సంఖ్య చివరికి పోయింది. పైవాళ్లకు ఇది నచ్చలేదు, అంకె చిన్నదిగా కనిపిస్తుందన్నారు. చిన్నదిగానే కనిపిస్తోంది.

ఒక్కో మనిషికి మూడు నంబర్లు రాయించుకుంటున్నాం. ఒకటి తనది, ఒకటి ఇంట్లో ఇంకో ఆడమనిషిది, ఒకటి ఎప్పటికీ సిమ్ మార్చరని ఆమె నమ్మే ఎవరిదైనా. వీలైన చోట పరీక్ష, చికిత్స ఒకే రోజు అయిపోయేలా చూస్తున్నాం.

చెల్లెలికి 12 నెలలకు మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష చేయాలి. గడువు వచ్చే నెల. నిన్న మా నర్సు ఫోన్ చేసింది. మొదటి నంబరు స్విచ్ఛాఫ్. రెండోది కూడా ఎత్తలేదు. మూడో నంబరు అక్కది. "తీసుకొస్తాను, ఏ రోజు రమ్మంటారు?" అంది.